కార్డు ఫోన్‌లో ఎక్కకపోతే ఏం చేయాలి?

(వారపు సెలవునాడు షోలాపూర్‌లో సాంచా, టవలు కారఖానాల కార్మికుల కోసం జరిపిన తరగతిలో మన యూనియన్ తరఫున చేసిన ప్రసంగం ఇది. భీవండి, ఇచల్‌కరంజి తదితర చోట్ల ఉన్న మన పాఠకులకు కూడా పనికివస్తుందని పూర్తిగా ప్రచురిస్తున్నాం. సభలో అడిగిన ప్రశ్నలు, వాటికి ఇచ్చిన జవాబులు చివర ఉన్నాయి.)



ఇవాళ మనం మాట్లాడుకోబోయేది బోనస్ గురించి కాదు, కరువు భత్యం గురించి కాదు. చేతిలో ఉన్న ఫోను గురించి, జేబులో ఉన్న బ్యాంకు కార్డు గురించి. ఇది యూనియన్ చేయవలసిన పనేనా అని కొందరు అడిగారు. చేయవలసిన పనే. ఎందుకంటే ఈ మధ్య మన దగ్గరకు వస్తున్న పగారు తగాదాల్లో కొన్నింటి మొదలు వెతుకుతూ పోతే ఈ కార్డు దగ్గరే తేలుతున్నది.

ఎట్లాగంటే, సేటు పగారు ఫోన్‌లో వేస్తానంటాడు. కార్మికుడు ఫోన్‌లో కార్డు ఎక్కించబోతాడు, అది ఎక్కదు. రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నించి విసుగుపడి, "సరే, ముకద్దం నంబరుకు వేయండి, ఆయన దగ్గర తీసుకుంటాను" అంటాడు. కొన్ని వారాలు బాగానే నడుస్తుంది. తర్వాత లెక్కలో తేడా వస్తుంది. అప్పుడు చూస్తే ఏముంది? సేటు ఫోన్‌లో పగారు ఇచ్చినట్టు ఉంది, ముకద్దం ఖాతాలో పడినట్టు ఉంది, పనిచేసిన వాని పేరు ఎక్కడా లేదు. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడిన మనిషికి తాను ఆ కారఖానాలో పనిచేసినట్టు చూపడానికి చిన్న కాగితం ముక్క కూడా మిగలదు.

అందుకే ఈ విషయాన్ని వివరంగా తెలుసుకుందాం.

ముందుగా పగారు మాట

పగారు బ్యాంకు ఖాతాలో పడటానికి మీ ఫోన్‌లో కార్డు ఎక్కి ఉండవలసిన అవసరం లేదు. గూగుల్ పే ఉండాలన్న నియమం లేదు. అసలు ఫోనే అక్కరలేదు. పాస్‌బుక్కు మొదటి పేజీలో ఉన్న ఖాతా నంబరు, బ్యాంకు శాఖ ఐఎఫ్‌ఎస్‌సీ కోడు ఇస్తే చాలు, డబ్బు నేరుగా పడుతుంది. కనుక "నీ ఫోన్‌లో రావడం లేదు, వచ్చే వారం చూద్దాం" అనే మాటకు అర్థం లేదు.

వేతనాల కోడు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పగారు నగదుగా ఇవ్వవచ్చు, చెక్కుగా ఇవ్వవచ్చు, ఖాతాలో వేయవచ్చు. కొన్ని రకాల సంస్థలు చెక్కు ద్వారా గాని, ఖాతా ద్వారా గాని మాత్రమే ఇవ్వాలని ప్రభుత్వం ప్రకటించవచ్చు. ఏ పద్ధతిలో ఇచ్చినా గడువు గడువే. వారం లెక్కన పగారు తీసుకునేవారికి వారపు సెలవుకు ముందు చివరి పనిరోజున ఇవ్వాలి. నెల లెక్క అయితే మరుసటి నెల 7వ తేదీ దాటకూడదు. ఫోను పనిచేయలేదన్న కారణంతో ఈ గడువు జరపడానికి వీలులేదు.

కాబట్టి మొదటి సూత్రం ఇది: మీ పగారు మీ పేరున ఉన్న ఖాతాలోనే పడాలి. జాబర్ నంబరుకు వద్దు, ముకద్దం నంబరుకు వద్దు, పక్క సాంచా మిత్రుని నంబరుకు కూడా వద్దు. రేపు ప్రావిడెంట్ ఫండ్, ఈఎస్ఐ, ప్రమాద పరిహారం ఏది అడగాలన్నా ఖాతాలో వారం వారం పడిన పగారే మన సాక్షి.

రెండు వేర్వేరు పనులు

ఇక కార్డు విషయానికి వద్దాం. "కార్డు ఎక్కడం లేదు" అని చెప్పేవారిలో రెండు రకాల వారు ఉన్నారు. ఈ తేడా తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

మొదటి పని యూపీఐ. 2016లో మొదలైన ఈ పద్ధతిలో ఫోను నేరుగా బ్యాంకు ఖాతాతో కలుస్తుంది. కలిపేది కార్డు కాదు, మీ మొబైల్ నంబరు. కార్డు పని ఒక్కసారే ఉంటుంది. యూపీఐ పిన్ పెట్టుకునేటప్పుడు డెబిట్ కార్డు మీది చివరి 6 అంకెలు, గడువు తీరే నెల, సంవత్సరం అడుగుతారు. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి. ఆ తర్వాత కార్డు పెట్టెలో ఉన్నా యూపీఐ నడుస్తుంది.

రెండో పని కార్డునే ఫోన్‌లో పెట్టుకోవడం. దుకాణంలో యంత్రానికి ఫోను ఆనించి చెల్లించడానికో, టికెట్లు, రీచార్జీలు కార్డుతో కట్టడానికో ఇది చేస్తారు. ఇక్కడ కార్డు పూర్తి నంబరు, గడువు, వెనకవైపు ఉన్న 3 అంకెలు కావాలి. దీన్నే డిజిటల్ వాలెట్ అంటున్నారు.

ఈ వాలెట్లో కార్డు నంబరు ఉన్నదున్నట్టు దాగి ఉంటుందని కొందరు భయపడుతున్నారు. అట్లా కాదు. సైకిల్ స్టాండులో సైకిలు పెడితే మనకు బిళ్ళ ఇస్తారు కదా. జేబులో ఉండేది బిళ్ళ, సైకిలు స్టాండులోనే ఉంటుంది. అట్లాగే కార్డు నంబరుకు బదులుగా వేరొక నంబరు తయారుచేసి ఫోనుకు ఇస్తారు. దాన్ని టోకెన్ అంటారు. 2022 అక్టోబరు 1 నుంచి అంగళ్లు, యాప్‌లు కస్టమర్ల అసలు కార్డు నంబర్లను తమ దగ్గర దాచుకోరాదని రిజర్వు బ్యాంకు ఆంక్ష పెట్టింది. టోకెన్ ఇచ్చే ముందు బ్యాంకు ఒప్పుకోవాలి. మన కార్డు చాలాసార్లు ఆగేది ఈ ఒప్పుదల దగ్గరే.

మనలో చాలామందికి కావలసింది మొదటి పని. కిరాణా దుకాణంలో చెల్లించడానికి, ఊరికి డబ్బు పంపడానికి యూపీఐ చాలు. కనుక ముందుగా మీకు ఏది కావాలో తేల్చుకోండి. యూపీఐ కావలసినవారు వాలెట్లో కార్డు ఎక్కించే చోటికి పోయి గంటల తరబడి కష్టపడుతున్నారు. యాప్‌లో "బ్యాంకు ఖాతా కలపండి" అనేది ఒక చోట ఉంటుంది, "కార్డు కలపండి" అనేది ఇంకొక చోట ఉంటుంది.

నడుస్తున్న సాంచా ఆగితే మనం ఏం చేస్తాం? కండె అయిపోయిందా, పోగు తెగిందా, బెల్టు జారిందా, కరెంటు పోయిందా అని ఒక్కొక్కటి చూస్తాం. సాంచానంతా విప్పి పడేయం. ఇక్కడ కూడా చూడవలసిన చోట్లు నాలుగు: నంబరు, ఖాతా, కార్డు, ఫోను. ఈ వరుసలోనే చూడండి.

1. నంబరు

అన్నింటికన్నా ఎక్కువ చిక్కు ఇక్కడే. బ్యాంకులో మీరు రాయించిన మొబైల్ నంబరు ఏది? ఆ సిమ్ము ఇప్పుడు ఇదే ఫోన్‌లో ఉందా? యూపీఐ మొదలుపెట్టినప్పుడు మీ ఫోను నుంచి దానంతట అదే ఒక ఎస్సెమ్మెస్ బయటికి పోతుంది. ఏ నంబరు నుంచి వచ్చిందో చూసి, ఆ నంబరు మీద ఉన్న ఖాతాను బ్యాంకు చూపిస్తుంది. నంబరు కలవకపోతే "ఖాతా దొరకలేదు" అని వస్తుంది. మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, నంబరు మాత్రమే కలవలేదు.

మన వాళ్ల సంగతి మనకు తెలుసు. కరీంనగర్‌లోనో, సిద్దిపేటలోనో, నారాయణపేటలోనో ఉన్నప్పుడు తెరిచిన ఖాతా, అప్పటి సిమ్ము. ఇక్కడికి వచ్చాక కొత్త సిమ్ము. పాతది రీచార్జి చేయక ఆగిపోయింది. ఆగిపోయిన నంబరును కంపెనీ కొంతకాలానికి ఇంకొకరికి ఇస్తుంది. అప్పుడు మన ఖాతా తాలూకు ఓటీపీలు ఎవరో తెలియని మనిషి ఫోనుకు పోతాయి. ఇట్లా ఆగిపోయిన, చేతులు మారిన నంబర్లను యూపీఐ నుంచి ఎప్పటికప్పుడు తొలగించాలని 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులకు, యాప్‌లకు నియమం వచ్చింది. అంతకుముందు నడిచిన యూపీఐ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయిందంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు.

ఇంకా రెండు చిన్న సంగతులు. ఫోన్‌లో రెండు సిమ్ములు ఉంటే బ్యాంకుకు ఇచ్చిన సిమ్మునే ఎంచుకోవాలి. ఆ సిమ్ములో బయటికి ఎస్సెమ్మెస్ పంపే వీలుండాలి. ఇంటర్నెట్ ప్యాకు ఉన్నంత మాత్రాన ఎస్సెమ్మెస్ పోతుందని లేదు.

నంబరు మార్చాలంటే పాస్‌బుక్కు, ఆధార్ తీసుకుని బ్యాంకుకు పోయి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. పెద్ద బ్యాంకులు చాలావరకు ఏ శాఖలోనైనా తీసుకుంటాయి. కొన్నిచోట్ల సొంత శాఖకే పొమ్మంటారు. తెలంగాణలోని గ్రామీణ బ్యాంకు ఖాతాలకు ఇక్కడ శాఖలు ఉండవు కనుక, దసరాకో పెళ్లికో ఊరికి పోయినప్పుడు ఈ పని తప్పక చేసుకురండి. లేదా ఇక్కడే ఒక కొత్త ఖాతా తెరవండి.

కండెలు చుట్టే, టవళ్లు కుట్టే అక్కచెల్లెళ్లకు ఒక ప్రత్యేక మనవి. మీలో చాలామంది ఖాతాలకు భర్త నంబరో, కొడుకు నంబరో ఉంది. మీ పగారు పడిందన్న కబురు వాళ్లకు పోతుంది, మీ ఓటీపీ వాళ్లకు పోతుంది. ఖాతా మీ పేరున ఉన్నా తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉన్నట్టే. ఇంట్లో గొడవ పడమని మేము చెప్పడం లేదు. మీ కష్టం మీద వచ్చే డబ్బుకు మీ నంబరు ఉండటం న్యాయం అంటున్నాం.

2. ఖాతా

నంబరు సరిగానే ఉన్నా ఖాతా కలవకపోతే మూడు సంగతులు చూడాలి.

ఒకటి, బ్యాంకు పేరు. యాప్‌లో బ్యాంకుల జాబితా వస్తుంది. "ఆంధ్రా బ్యాంకు కనబడటం లేదు" అని పెద్దవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. అదే రోజున సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు అంతకుముందే, 2017 ఏప్రిల్ 1న, స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. కొత్త పేరు కింద వెతకండి. పాత పాస్‌బుక్కు మీద ఉన్న ఐఎఫ్‌ఎస్‌సీ కోడును నమ్మి సేటుకు ఇవ్వకండి, కొత్త కోడు రాయించుకోండి. పాత బ్యాంకు పేరున్న కార్డు ఉంటే మార్చి కొత్తది ఇమ్మని అడగండి.

రెండు, ఖాతా నిద్రపోవడం. రెండేళ్లకు పైగా మనం ఏ లావాదేవీ చేయకపోతే ఖాతాను పనిచేయని ఖాతాగా లెక్కగడతారు. మళ్లీ నడిపించడానికి గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. దీనికి రుసుము తీసుకోరాదని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా చెప్పింది. ఎవరైనా డబ్బు అడిగితే రసీదు అడగండి.

మూడు, కేవైసీ. 2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు మొదలయ్యాయి. ఆ తొలి రోజుల్లో తెరిచిన ఖాతాలకు పదేళ్లు నిండాయి, వాటి పత్రాలు మళ్లీ ఇవ్వవలసి వచ్చింది. 2025లో ఇందుకోసం గ్రామ పంచాయతీల్లో శిబిరాలు పెట్టారు. ఊళ్లో లేని మనవాళ్లు చాలామంది వాటికి అందలేదు. అట్లాంటి ఖాతాలో డబ్బు ఉన్నా తీయడం, పంపడం ఆగిపోవచ్చు. బ్యాంకుకు పోయి "నా కేవైసీ ఎప్పటివరకు ఉంది?" అని అడిగితే కౌంటరులో చెబుతారు.

ఇవన్నీ సరిగా ఉన్నా కొన్ని చిన్న సహకార బ్యాంకులు యూపీఐ జాబితాలో ఉండవు. అప్పుడు మన తప్పేమీ లేదు, ఫోనుతో కుస్తీ పట్టి లాభం లేదు. జాబితాలో ఉన్న బ్యాంకులో ఖాతా తెరవడమే మార్గం.

3. కార్డు

కార్డు చేతికి వచ్చి ఏడాదైనా ఒక్కసారీ వాడనివారు ఉన్నారు. కొత్త కార్డు ముందుగా ఏటీఎంలో పిన్ పెట్టి వాడితే గాని నడవదు. కవరులోనే ఉన్న కార్డును ఫోన్‌లో ఎక్కించబోతే "కుదరదు" అనే వస్తుంది.

గడువు చూడండి. కార్డు మీద నెల, సంవత్సరం రెండేసి అంకెల్లో ఉంటాయి. కొన్ని కార్డుల మీద మొదలైన తేదీ, ముగిసే తేదీ రెండూ ఉంటాయి. ముగిసేదే రాయాలి. పిన్ వరుసగా తప్పు కొడితే కార్డు కొంతకాలం ఆగిపోతుంది. రెండుసార్లు తప్పు వస్తే మూడోసారి కొట్టకుండా ఆపండి, మరునాడు చూడండి.

అసలు పెద్ద కారణం ఇంకొకటి ఉంది. దాన్ని కౌంటరులో కూడా అందరూ చెప్పరు. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. అది ఆ ఏడాది అక్టోబరు నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డు మన దేశంలో ఏటీఎంలో, దుకాణంలోని యంత్రంలో పెట్టి వాడటానికి మాత్రమే తెరిచి ఉంటుంది. ఆన్‌లైన్ చెల్లింపు, ఆనించి చెల్లించడం, విదేశీ చెల్లింపు ఈ మూడూ మూసి ఉంటాయి. కావాలంటే కార్డుదారుడే తెరుచుకోవాలి. ఎన్నడూ ఆన్‌లైన్‌లో వాడని పాత కార్డులకు కూడా ఆ వీలును మూసేయమని చెప్పారు.

ఇది మన మేలు కోసం పెట్టిన తాళమే. కాని తాళం ఉందని ఎవరూ చెప్పకపోవడంతో, ఏటీఎంలో చక్కగా నడిచే కార్డు ఫోన్‌లో ఎందుకు ఎక్కదో అర్థం కాక మనవాళ్లు సతమతమవుతున్నారు. వాలెట్లో కార్డు పెట్టుకోవాలంటే ఆన్‌లైన్ వాడకాన్ని తెరవాలి. ఫోను ఆనించి చెల్లించాలంటే కాంటాక్ట్‌లెస్ అనే దాన్ని కూడా తెరవాలి. బ్యాంకు యాప్‌లోనో, ఏటీఎంలోనో, బ్యాంకు ఫోను సేవలోనో ఈ పని చేయవచ్చు. రోజుకు ఎంతవరకు అనే పరిమితి కూడా అక్కడే పెట్టుకోవచ్చు, తక్కువ పెట్టుకోండి. అవసరం లేనివారు తెరవనే వద్దు. ఎందుకంటే 2021 జనవరి 1 నుంచి కార్డును యంత్రానికి ఆనించి 5,000 రూపాయల వరకు పిన్ లేకుండానే చెల్లించే వీలు వచ్చింది. కార్డు పోగొట్టుకుంటే అది నష్టానికి దారి.

క్రెడిట్ కార్డు ఉన్నవారికి ఒక మాట. యూపీఐలో కలిసేది రూపే క్రెడిట్ కార్డు. ఈ వీలు 2022లో వచ్చింది. అది కూడా దుకాణాల్లో చెల్లించడానికే, మనిషికి పంపడానికి కాదు. వీసా, మాస్టర్‌కార్డు క్రెడిట్ కార్డులను యూపీఐలో కలపబోయి కష్టపడకండి. వాటి చోటు వాలెట్లోనే, అదీ ఆ బ్యాంకు ఒప్పుకున్నప్పుడే.

4. ఫోను

చివరగా ఫోను చూడాలి. చాలామంది మొదట అనుమానించేది దీన్నే.

తేదీ, సమయం సరిగా ఉన్నాయా? తప్పుగా ఉంటే బ్యాంకుతో ఫోను మాట్లాడలేదు. ఆటోమేటిక్ సమయం పెట్టుకోండి. యాప్ పాతదైతే ప్లే స్టోరులో కొత్తది చేసుకోండి. ఫోనుకు స్క్రీన్ తాళం పెట్టండి. తాళం లేని ఫోన్‌లో కార్డు పెట్టుకోనివ్వరు. ఆనించి చెల్లించాలంటే ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ అనే ఏర్పాటు ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. లేని ఏర్పాటు సెట్టింగ్‌లలో ఎంత వెతికినా రాదు. సెకండ్ హ్యాండ్ ఫోను కొన్నవారు పాత యజమాని ఖాతాలన్నీ తీసివేయించి, మొత్తం చెరిపించిన తర్వాతే బ్యాంకు పని పెట్టుకోండి.

కొత్త ఫోన్‌లో యూపీఐ మొదలైన మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి పంపనివ్వరు. అది చెడిపోవడం కాదు, జాగ్రత్త. కార్డు ఎక్కించేటప్పుడు పరీక్ష కోసం ఒకటి రెండు రూపాయలు కట్ అయినట్టు కనబడవచ్చు, అవి తిరిగి వస్తాయి.

సాయం చేస్తామని వచ్చేవాళ్లు

మిత్రులారా, కార్డు ఎక్కకపోతే నష్టం లేదు. ఎక్కించుకునే తొందరలో పగారు పోగొట్టుకుంటేనే నష్టం. కార్డు ఎక్కక విసిగిన మనిషి ఇంటర్నెట్‌లో బ్యాంకు సహాయ నంబరు వెతుకుతాడు. మోసగాళ్లు అక్కడ తమ నంబర్లు పెట్టుకుని కూర్చుంటారు. తెలుగులో, మరాఠీలో, హిందీలో తియ్యగా మాట్లాడతారు. "అన్నా, ఒక యాప్ వేసుకోండి, నేనే సరిచేస్తాను" అంటారు. ఆ యాప్ వేసుకుంటే మన తెర మొత్తం వాళ్లకు కనబడుతుంది. వాట్సాప్‌లో "కేవైసీ ఫైలు" అని ఒకటి పంపుతారు. దాన్ని నొక్కితే మన ఓటీపీలు వాళ్లకు చేరుతాయి.

కనుక గుర్తుపెట్టుకోండి. సహాయ నంబరు కార్డు వెనకవైపు ఉంటుంది, పాస్‌బుక్కు మీద ఉంటుంది. వేరే చోట వెతకవద్దు. ఓటీపీ, పిన్, కార్డు వెనక 3 అంకెలు ఫోన్‌లో ఎవరికీ చెప్పవద్దు, బ్యాంకు మేనేజరునని చెప్పినా సరే. డబ్బు రావడానికి పిన్ కొట్టవలసిన అవసరం ఎన్నడూ ఉండదు. పిన్ అడిగారంటే డబ్బు పోతున్నదని అర్థం. బ్యాంకుల వెబ్‌సైటు పేర్లు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగియాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 వరకు గడువు పెట్టింది. అది చూసి నమ్మండి.

డబ్బు పోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి, బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ ఆపించాలి. రాత్రి పాళీలో ఉన్నా సరే, తెల్లవారేదాకా ఆగవద్దు. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మన తప్పు లేకుండా బయటివాళ్ల మోసం వల్ల పోయినదాన్ని, బ్యాంకు నుంచి కబురు అందిన 3 పనిరోజుల్లోగా చెబితే, మన మీద భారం ఉండదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు చెప్పింది. మనమే ఓటీపీ చెప్పి ఉన్నా, బ్యాంకుకు తెలిపిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలని అదే ఆదేశంలో ఉంది. కనుక ఏ సందర్భంలోనైనా చెప్పడమే మేలు.

కౌంటరులో పని కాకపోతే

బ్యాంకుకు పోతే "సర్వర్ లేదు, రేపు రండి" అంటారు. రేపు రావడమంటే మనకు ఒక పాళీ పోవడం. అందుకని నోటిమాటతో తిరిగి రాకండి. దరఖాస్తు రెండు ప్రతులు రాయండి. పేరు, ఖాతా నంబరు, ఏ పని కావాలి, ఏ తేదీన ఇచ్చారు ఇంతే చాలు. ఒక ప్రతి మీద ముద్ర, సంతకం తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. వివరాలకు 14448 నంబరు ఉంది. ముద్ర పడిన ఆ ప్రతి ఉంటేనే ఫిర్యాదు నిలబడుతుంది.

మనం చేయవలసిన పనులు

ఇక్కడ కూర్చున్నవారిలో పదిమంది యువకులు, యువతులు ముందుకు రావాలి. ఒక్కొక్కరు తమ కారఖానాలో నంబరు, ఖాతా, కార్డు, ఫోను ఈ నాలుగూ చూసిపెట్టాలి. అయితే ఒక కట్టుబాటు ఉండాలి. సాయం చేసేవారు ఎదుటివారి పిన్ చూడరాదు, అడగరాదు. అంకెలు నొక్కేటప్పుడు ముఖం అటు తిప్పుకోవాలి. పెద్దవాళ్లు "నువ్వే కొట్టు బిడ్డా" అన్నా కొట్టవద్దు, వాళ్ల చేతనే కొట్టించండి. ఒకటి రెండుసార్లలో నేర్చుకుంటారు. జకార్డు డిజైన్ల చిక్కు విప్పిన చేతులకు ఈ అంకెలు ఒక లెక్క కాదు.

బ్యాంకు పనులు ఉన్నవారంతా ఒకే రోజు కలిసి పోదాం. ఒక్కడు పోతే విసుక్కుంటారు, ఇరవైమంది దరఖాస్తులతో పోతే కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఫారాలు మరాఠీలో ఉంటాయి కనుక రాయగలిగినవారు తోడు రావాలి. మీ పగారు ఇంకొకరి నంబరుకు పోతున్నట్లయితే, ఇవాళ్టి తరగతి అయిపోగానే ఆ పేర్లు రాయించండి. ఖాతా నంబర్లతో సేటుకు ఇచ్చే లేఖను యూనియన్ తయారుచేస్తుంది.

సభలో అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: నాకు ఖాతా ఉంది, కార్డు లేదు. యూపీఐ వస్తుందా?

జవాబు: చాలా బ్యాంకుల్లో వస్తుంది. పిన్ పెట్టేటప్పుడు కార్డుకు బదులు ఆధార్ దారి ఎంచుకోవాలి. ఆధార్ మొదటి 6 అంకెలు అడుగుతుంది, ఓటీపీలు వస్తాయి. ఆధార్‌లో ఉన్న మొబైల్ నంబరు, బ్యాంకులో ఉన్న నంబరు ఒకటే అయి ఉండాలి.

ప్రశ్న: మాది బటన్ ఫోను. మా సంగతేమిటి?

జవాబు: *99# కొట్టి యూపీఐ వాడవచ్చు. 2022 మార్చిలో యూపీఐ 123పే అని బటన్ ఫోన్ల కోసం ఇంకొక పద్ధతి వచ్చింది. ఏదీ వద్దనుకుంటే కార్డు, పాస్‌బుక్కు చాలు. పగారు ఖాతాలో పడటానికి ఫోను అక్కరలేదని ముందే చెప్పుకున్నాం.

ప్రశ్న: ఊరికి పంపాను. నా ఖాతాలో కట్ అయింది, అమ్మకు చేరలేదు.

జవాబు: 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన గడువు ప్రకారం మనిషికి పంపిన యూపీఐ డబ్బు చేరకపోతే మరుసటి రోజుకల్లా తిరిగి రావాలి. దుకాణానికి కట్టినదైతే 5 రోజులు. ఆ పైన ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు మనకు ఇవ్వాలి. లావాదేవీ నంబరు రాసిపెట్టుకుని యాప్‌లోనే ఫిర్యాదు చేయండి. ఇంటర్నెట్‌లో నంబరు వెతికి ఫోను చేయవద్దు.

ప్రశ్న: ఫోన్‌లో అన్నీ నడుస్తున్నాయి. ఇక కార్డు పెట్టెలో పడేయవచ్చా?

జవాబు: పడేయవద్దు. జన్‌ధన్ ఖాతాతో ఇచ్చిన రూపే కార్డుకు ప్రమాద బీమా ఉంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు 2 లక్షల రూపాయలు, అంతకుముందువాటికి 1 లక్ష. ప్రమాదానికి ముందు 90 రోజుల్లో కార్డును ఒక్కసారైనా వాడి ఉండాలన్నది షరతు. రెండు నెలలకు ఒకసారి ఏటీఎంలో వంద రూపాయలైనా తీయండి. కార్డు ఎక్కడ ఉందో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. పిన్ మాత్రం వద్దు.

ప్రశ్న: మా కారఖానాలో ముకద్దం నంబరుకే వేస్తామంటున్నారు. కాదంటే పని పోతుందేమో.

జవాబు: ఒక్కరే పోయి అడగవద్దు. మీ కారఖానాలో అట్లా ఎంతమంది ఉన్నారో పేర్లు, ఖాతా నంబర్లు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడులు ఒకే కాగితం మీద రాసి తీసుకురండి. లేఖ యూనియన్ పేరున పోతుంది, ప్రతి కార్మిక శాఖ కార్యాలయానికి కూడా పోతుంది. ఈలోగా ముకద్దం దగ్గర తీసుకున్న ప్రతి పగారు తేదీ, మొత్తం ఒక నోటు పుస్తకంలో రాయండి. వీలైతే ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. ఖాతాలో పడే రోజు వచ్చేదాకా ఆ పుస్తకమే మీ పాస్‌బుక్కు.